పిల్లాడికి టామ్ అండ్ జెర్రీ పెట్టాను, చివరికి నాకే నోరు పెగల్లేదు

పెసరట్టు_ఉప్మా

నిన్న మా ఆవిడ పుట్టింటికెళ్ళింది. ఇంట్లో నేను, ఆరేళ్ళ పిల్లాడు, పెరుగన్నం. టీవీ లేకుండా వాడికి ముద్ద దిగదు. ఈ కొత్త కార్టూన్ల అరుపులు భరించలేక "నా చిన్నప్పటిది చూద్దువు గాని రా" అని టామ్ అండ్ జెర్రీ పెట్టాను. ఒకదాని తర్వాత ఒకటి అవే వస్తున్నాయి. వాడు పడీ పడీ నవ్వుతున్నాడు, ముద్దలు వాటంతటవే దిగుతున్నాయి. నేనేదో ఘనకార్యం చేసినట్టు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

ఇంతలో ఒకటొచ్చింది. మొదలవడమే టామ్ రైలు పట్టాల మీద తల వేలాడేసి కూర్చుని ఉంటాడు. పైనుంచి జెర్రీ చూస్తూ, వీడికి ఈ గతి ఎందుకు పట్టిందో చెప్పుకొస్తాడు. తెల్ల పిల్లిని ప్రేమించాడు. ఆమె వెనక డబ్బున్న పిల్లి ఒకడు పడ్డాడు. టామ్ చిన్న సీసాడు సెంటు ఇస్తే వాడు ట్యాంకర్ లారీతో దిగుతాడు. టామ్ ఉంగరంలో రాయి కనపడాలంటే భూతద్దం కావాలి, వాడి ఉంగరం చూడాలంటే వెల్డింగ్ వాళ్ళ ముసుగు కావాలి. ఆఖరికి ఆమె వాణ్ణే చేసుకుంటుంది. వీడు మందు బదులు పాలు తాగి తాగి పాడైపోతాడు. "నా పిల్ల అలాంటిది కాదు" అని జెర్రీ మురిసిపోతుండగానే ఆ పిల్ల ఇంకొకడితో పెళ్ళికారులో వెళ్ళిపోతుంది. జెర్రీ కూడా వచ్చి టామ్ పక్కన కూర్చుంటాడు. రైలు కూత. అయిపోయింది.

మా వాడు: నాన్నా, రైలొస్తోంది కదా, లేవరేంటి?
నేను: నిద్రపోతున్నార్రా.
వాడు: కళ్ళు తెరిచే ఉన్నారుగా.

రిమోట్ కోసం వెతికాను. అది వాడి కిందే ఉంది.

ఇది నేను చిన్నప్పుడు కనీసం పదిసార్లు చూసుంటాను. సెంటు ట్యాంకర్ బాగా గుర్తుంది. పట్టాలు మాత్రం గుర్తులేవు. అసలు లేవంటే లేవు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

బెజవాడ_ఎండ

రైలొచ్చేలోపు లేచి పారిపోతారని అప్పుడు అనుకున్నా. ఇప్పటికీ అదే అనుకుంటున్నా. నన్ను కదపకండి.

పాతరీలు

ముందు ఓ పుకారు తీసి అవతల పడేద్దాం, లేకపోతే ఇంకో రెండు పోస్టుల్లో ఎవరో ఒకరు పెడతారు. "ఇదే టామ్ అండ్ జెర్రీ చివరి ఎపిసోడ్, ఇద్దరూ చనిపోతారు" అని వాట్సాప్‌లో తిరుగుతుంది. తప్పు. ఇది 'బ్లూ క్యాట్ బ్లూస్', 1956 నాటిది. దీన్ని పుట్టించిన హన్నా, బార్బెరా ఇద్దరూ ఎంజీఎం స్టూడియో కోసం తీసిన వాటిలో చివరిది 1958లో వచ్చింది. అంటే దీని తర్వాత కూడా రెండేళ్ళు వాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నారు.

రెండోది. పెసరట్టు గారూ, మీరు దీన్ని పిల్లల కార్టూన్ అంటున్నారు, అక్కడే చిక్కు. 1940 నుంచి 58 వరకు తీసిన ఆ 114 సినిమాలూ థియేటర్ కోసం తీసినవి. పెద్ద సినిమాకు ముందు ఏడెనిమిది నిమిషాలు వేసేవాళ్ళు. హాల్లో కూర్చున్నది భార్యాభర్తలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు. వాళ్ళు నవ్వాలి కాబట్టి అప్పులు, ఈర్ష్య, తాగుడు, పెళ్ళిళ్ళు అన్నీ అందులో ఉంటాయి. ఏడు ఆస్కార్లు ఊరికే రాలేదు. మొదటి ఆస్కార్ తెచ్చిన 1943 నాటిదైతే రెండో ప్రపంచ యుద్ధం మీద వెటకారమే, కోడిగుడ్లు బాంబుల్లా విసురుకుంటారు. మనకు అది పిల్లల ఛానల్లో వచ్చింది కాబట్టి పిల్లలదనుకున్నాం. దాచిపెట్టిందేమీ లేదు. బల్ల మీదే పెట్టారు, మన ఎత్తు సరిపోలేదు, అంతే.

ఈఎంఐ_వీరుడు

అందరూ రైలు గురించి మాట్లాడుతున్నారు, నాకు మాత్రం అప్పు సీనే గుర్తొస్తుంది. టామ్ ఒక డొక్కు కారు కొనడానికి సంతకం పెడతాడు చూడండి. 312 నెలల వాయిదాలు, 112 శాతం వడ్డీ. తాకట్టు ఏమిటంటే ఒక చెయ్యి, ఒక కాలు, ఇరవయ్యేళ్ళ వెట్టిచాకిరీ. చిన్నప్పుడు ఆ కాగితం వచ్చినప్పుడు ఎవరు చదివారు గనక! మొన్న పాజ్ పెట్టి చదివాను. 312 నెలలంటే 26 ఏళ్ళు. నా ఫ్లాట్ లోను 25. ఒక్క ఏడాది తేడాతో నేను బయటపడ్డాను.

అంతా చేసి ఆ కారేసుకుని పిల్ల ముందుకెళితే అవతలివాడి కారు దాని మీంచే ఎక్కి పోతుంది. నేను కూడా లోను మీద కారు కొన్న వారానికే మా బావమరిది అంతకంటే పెద్దది దించాడు. ఇంతకంటే చెప్పను.

కంచి_కథ

"కార్టూన్లలో పెద్దల విషయాలు" అని ఎవరో లింకు పంపితే ఏదో ఊహించుకుని తలుపేసుకుని మరీ వచ్చా. ఇక్కడ వడ్డీ రేట్లు మాట్లాడుకుంటున్నారు.

బెజవాడ_ఎండ

@కంచి_కథ నలభై దాటాక పెద్దల విషయాలంటే అవే బ్రో. తలుపు తీసుకో.

గొడ్డుకారం

నాకైతే ఇదంతా అతిగా ఉంది. పిల్లి, ఎలుక. కొట్టుకుంటాయి. నవ్వుకుంటాం. దీనికి ఇంత తవ్వకమెందుకు? మా అమ్మాయి ఇవన్నీ చూసే పెరిగింది, ఇప్పుడు శుభ్రంగా బీటెక్ చదువుతోంది. పిల్లలకు అర్థం కానిదాన్ని మనం వివరించి మరీ భయపెడుతున్నాం.

మూడో_ప్లాట్‌ఫాం

రైల్వేలో పనిచేస్తాను. గొడ్డుకారం గారు అన్నది నిజమే, పిల్లలకు ఏమీ కాదు. కానీ ఆ చివర్లో కూత అలా పెరుగుతూ పోతుందే, అది నేను సౌండ్ కట్టేసి కూడా చూడలేకపోయాను. బండి అప్పటికప్పుడు ఆగదు. డ్రైవర్ చేతిలో ఉండేది హారన్ ఒక్కటే. అలా హారన్ కొట్టి ఇంటికెళ్ళి నాలుగు రోజులు అన్నం తినని వాళ్ళు నాకు తెలుసు. బొమ్మల్లో కూత వినిపించి ఆపేశారు, ఆ తీసినవాళ్ళకు ఎక్కడ ఆపాలో తెలుసు.

ఈఎంఐ_వీరుడు

@మూడో_ప్లాట్‌ఫాం 🙏 నా జోకు ఇప్పుడు నాకే బాగోలేదు.

కాలవగట్టు

నాదొకటి చెబుతాను. కొంచెం పొడుగు.

1949లో వచ్చిన 'హెవెన్లీ పుస్' చూసే ఉంటారు. పియానో మీద పడి టామ్ చనిపోతాడు. బంగారు ఎస్కలేటర్ ఎక్కి పైకెళితే అక్కడ స్వర్గానికెళ్ళే రైలుబండి (మళ్ళీ రైలే), దాని గేటు దగ్గర టిక్కెట్లిచ్చే పిల్లి. పెద్ద పద్దు చూసుకుని ఒక్కొక్కరినీ లోపలికి పంపుతుంటాడు. ఒకడు కుక్కతో పోట్లాడి పోయాడు. ఇంకొకడు రోడ్‌రోలర్ కింద పడి అప్పడంలా జారుకుంటూ వస్తాడు. మేం ఆ అప్పడం పిల్లిని చూసి దొర్లి దొర్లి నవ్వేవాళ్ళం.

వాళ్ళ తర్వాత నీళ్ళు కారుతున్న గోనెసంచి ఒకటి గెంతుకుంటూ వస్తుంది. మూతి విప్పుకుని మూడు పిల్లికూనలు బయటికొచ్చి, ఆడుకుంటూ లోపలికెళ్ళిపోతాయి. ఆ టిక్కెట్ల పిల్లి తల ఆడించి, కొందరు ఎంతకైనా తెగిస్తారన్నట్టు ఓ మాట అంటుంది. మొత్తం పది సెకన్లు ఉంటుందేమో.

నాకు ముప్ఫై నాలుగేళ్ళప్పుడు మా అన్నయ్య పిల్లలతో కూర్చుని ఇది మళ్ళీ చూశాను. సంచి ఎందుకు తడిసుందో అప్పుడు తట్టింది. తట్టగానే ఇంకొకటి కూడా తట్టింది. మా ఊళ్ళో మా ధాన్యం గదిలో పిల్లి ఈనేది. ఒక వానాకాలం నాలుగు కూనలు. నేను వాటికి పేర్లు కూడా పెట్టుకున్నా. ఓ పొద్దున్న తాతయ్య భుజాన గోనెసంచి వేసుకుని కాలవ వైపు వెళ్ళాడు, ఖాళీ చేతులతో వచ్చాడు. కూనలేవి అని అడిగితే "పక్కూళ్ళో గేదెలు ఎక్కువున్నాయిరా, పాలు దొరుకుతాయని పంపించేశా" అన్నాడు. నేను నమ్మాను. పాలు దొరుకుతాయి కదా అని సంతోషపడ్డాను కూడా.

పాతికేళ్ళ పైన ఆ మాటని ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. ఎవరో అమెరికావాళ్ళు మా తాత పుట్టిన కాలంలో గీసిన బొమ్మ చూసి తెలిసింది. ఆయన మంచివాడండీ. మాకు చేపముల్లు తీసి తినిపించేవాడు. రెండూ ఒకే చేతులు.

తోకచుక్క

లంచ్ బాక్స్ మూత పెట్టేశా.

డల్లాస్_డాబా

కాలవగట్టు అన్నా, ఆ సంచి నేను ఎన్నిసార్లు చూశానో. వాటిని ఎవరో బహుమతిగా పంపారనుకున్నా ఇన్నాళ్ళూ. బహుమతి!!

గొడ్డుకారం

సరే, అది ఒప్పుకుంటా. ఆ పది సెకన్లు ఒప్పుకుంటా. మిగతాది మాత్రం అతే.

బడిపంతులమ్మ

గొడ్డుకారం గారి కోసం నవ్వొచ్చేది ఒకటి. స్కూబీ డూ, ఓ కుక్క, దాని స్నేహితులు కలిసి దెయ్యాల గుట్టు విప్పే కార్టూన్. 1969లో మొదలైంది, ఆ మొదటి వాటిలో చివరికి ప్రతి దెయ్యమూ ముసుగేసుకున్న మనిషే. మేం చిన్నప్పుడు ముసుగు తీసే క్షణం కోసం కూర్చునేవాళ్ళం, తీసేశాక వాడు ఎందుకు చేశాడో చెబుతుంటే లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయేవాళ్ళం. ఈ మధ్య ఆ చివరి నిమిషం శ్రద్ధగా విన్నాను. దొంగనోట్లు, స్మగ్లింగ్, వారసత్వం ఆస్తి, చవగ్గా కొట్టేయాలనుకున్న స్థలం. అదండీ కథ! పిల్లలకు దెయ్యం కథ, పెద్దలకు రిజిస్ట్రేషన్ ఆఫీసు కథ.

మా ఊరి చివర ఒక పాత మేడకి దెయ్యాల కొంప అని పేరుండేది. రాత్రిళ్ళు దీపం కనపడుతుందని, గజ్జెల చప్పుడని. వారసులు బయట ఊళ్ళలో ఉండేవాళ్ళు, భయపడి ఎవరూ కొనలేదు. చివరికి చవగ్గా ఎవరు కొన్నారో చెబితే మీరే నవ్వుతారు, పుకారు మొదట చెప్పినాయనే. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాల్. గజ్జెల చప్పుడు రోజూ వినిపిస్తుంది.

బెజవాడ_ఎండ

ఫంక్షన్ హాల్ 😂😂 కుక్క ఒక్కటి తక్కువైంది మీ ఊరికి

కంచి_కథ

మన రియల్ ఎస్టేట్ వాళ్ళు ముసుగు కూడా వేసుకోరు కదా మేడమ్. ఫ్లెక్సీ వేసుకుంటారు.

నిద్రలేని_నైట్‌షిఫ్ట్

కరేజ్ ద కౌవర్డ్లీ డాగ్ ఎవరూ అనలేదేంటి? నోవేర్ అనే చోట ఒంటరి ఇల్లు, ముసలాయన, ముసలావిడ, గులాబీరంగు కుక్క. నెట్‌లో ఒక సిద్ధాంతం ఉంది. అందులో రాక్షసులెవరూ నిజం కాదట, వచ్చేవాళ్ళు మామూలు మనుషులే, కుక్క కళ్ళకి అలా కనపడతారట. చదివాక నాకు వారం నిద్ర పట్టలేదు (ఎలాగూ పట్టదనుకోండి).

పాతరీలు

అవి అభిమానులు కూర్చుని అల్లినవి. తీసినవాళ్ళు చెప్పినవి కావు. ప్రతి కార్టూన్‌కీ ఒకటుంది, వీళ్ళందరూ చచ్చిపోయి నరకంలో ఉన్నారనో, కోమాలో కన్న కల అనో. బోరు. తెర మీద ఉన్నదే చూడండి, అదే బోలెడు.

నిద్రలేని_నైట్‌షిఫ్ట్

సరే, తెర మీదదే చెబుతా. 'ద మాస్క్' అని ఎపిసోడ్. తెల్ల ముసుగేసుకున్న పిల్లి ఒకటి వచ్చి కుక్కలన్నీ దుర్మార్గులే అని కరేజ్‌ని చావబాదుతుంది. పేరు కిటీ. ఎందుకంత కక్ష అంటే, ఆమె ప్రాణస్నేహితురాలు బన్నీ అనే కుందేలు, మ్యాడ్ డాగ్ అనే రౌడీ కుక్క దగ్గర ఇరుక్కుపోయి ఉంటుంది. వాడు బయటికి పోనివ్వడు, ఎవరితోనూ మాట్లాడనివ్వడు, స్నేహితురాల్ని కలిస్తే ఏం చేస్తాడో ముందే చెప్పి బెదిరిస్తాడు. ఆమె నవ్వడం కూడా వాడి మొహం చూసి నవ్వుతుంది.

కుక్క, కుందేలు అని తీసేసి చూడండి. మా హాస్టల్లో నా రూమ్మేట్. ఫోన్ మోగితే మొహంలో రంగు పోయేది. మేం "లవ్ ఎక్కువ" అనుకునేవాళ్ళం. "మీవాడు ఎంత కేరింగో" అని ఏడిపించేవాళ్ళం కూడా. ఆమె చివరికి వాళ్ళ పిన్ని వచ్చి తీసుకెళితే బయటపడింది. అప్పుడు నాకు పందొమ్మిది. ఆ కార్టూన్ చూసింది అంతకు ముందే. చూసి కూడా గుర్తుపట్టలేదు.

డల్లాస్_డాబా

ఇదే వరసలో జానీ బ్రావో గుర్తు చేసుకోండి. కండలు, పసుపు జుట్టు, కనపడిన ప్రతి అమ్మాయి వెంటా పడతాడు, ప్రతిసారీ తన్నులు తింటాడు. అంతకు చాలా ముందు, 1945లో వచ్చిన పెపే ల ప్యూ అనే స్కంక్, అంటే కంపుకొట్టే జంతువు, దానిదీ ఇదే పని, కానీ అక్కడ పిల్లి పారిపోతుంటే వెంటపడటమే జోకు. పెపేని ఇప్పుడు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. జానీని ఇంకా చూడొచ్చు, తన్నులున్నాయి కాబట్టి.

మన సినిమాల్లో మొదటి సగమంతా ఇదే కదా అంటారా? అక్కడ పాట కూడా పెడతారు.

కంచి_కథ

విదేశీ లొకేషన్‌లో.

ఈఎంఐ_వీరుడు

డొరేమాన్ దగ్గరికి రండి. అసలు డొరేమాన్ ఎందుకొచ్చాడో గుర్తుందా ఎవరికైనా? నొబితా పెద్దయ్యాక కంపెనీ పెట్టి దివాలా తీస్తాడు. ఆ అప్పు ఎంతంటే మనవళ్ళ తరం దాటినా తీరదు. అందుకే భవిష్యత్తు నుంచి వాడి మునిమనవడి కొడుకు సెవాషి ఈ పిల్లిరోబోని పంపుతాడు, మా తాతని కాస్త దారిలో పెట్టు అని. జేబులోంచి వచ్చే హెలికాప్టర్ ఫ్యాన్లు, ఎక్కడికైనా తీసుకెళ్ళే తలుపు, ఇవన్నీ అప్పు వల్ల వచ్చినవి!

మా నాన్న తన తాత చేసిన బావి అప్పు తీర్చాడు. ఆ బావిలో నీళ్ళు కూడా పడలేదు. ఆయన దగ్గరికి రోబో కాదు కదా, బ్యాంకువాడు కూడా మంచిమొహంతో రాలేదు.

తోకచుక్క

మీరు ఏ కార్టూన్ చెప్పినా బ్యాంకు దగ్గరికే వెళుతుందేంటండీ 😄

ఈఎంఐ_వీరుడు

పేరు చూడలేదా?

పాతరీలు

వీరుడు గారికి షిన్‌చాన్ కూడా ఇచ్చేస్తున్నా. వాళ్ళ నాన్న ఇంటి అప్పు ఇంకా 32 ఏళ్ళు మిగిలి ఉంటుంది. చెమట కంపు సాక్సులు, ఆఫీసులో తిట్లు, ఇంటికొస్తే చల్లని బీరు. హిందీలో చూస్తూ మనం షిన్‌చాన్ వెధవ వేషాలకు నవ్వాం, ఆ నాన్న మనకి కనపడలేదు. అది మొదట 1990లో జపాన్‌లో పెద్దలు చదివే వారపత్రికలో వచ్చిన బొమ్మలకథ. గీసినాయన యోషితో ఉసుయి. టీవీకి ఎక్కింది 1992లో. మన దగ్గర అమ్మలు గగ్గోలు పెట్టి, కత్తిరింపులు పడి, చివరికి "పిల్లలదే" అయి కూర్చుంది.

2001లో దాని మీద ఒక సినిమా వచ్చింది. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ పాతకాలపు వాసనకి లొంగిపోయి, మళ్ళీ చిన్నపిల్లలైపోయి, సొంత పిల్లల్ని వదిలేసి పోతారు. నాన్నని వెనక్కి తేవడానికి షిన్‌చాన్ ఏం చేస్తాడంటే, ఆయన బూటు కంపు ఆయనకే చూపిస్తాడు. ఆ కంపుతో ఆయనకు బతుకంతా తిరిగొస్తుంది: వాళ్ళ నాన్న సైకిల్ వెనక కూర్చోవడం, పట్నం రావడం, ఉద్యోగం, ఎండలో తిరగడం, పెళ్ళి, పిల్లాడు. ఒక్క మాట ఉండదు. నేను ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు చూశాను, అదృష్టం.

పెసరట్టు_ఉప్మా

పాతరీలు గారూ, ఒక చిన్న గొడవ. అప్పుడు మనం కూడా ఆ సినిమాలో పెద్దవాళ్ళలాగే కదా, పాత కార్టూన్ల వాసనకి ఇక్కడ చేరి కూర్చున్నాం. మా వాడు లోపల చాక్‌తో గోడ మీద ఏదో గీస్తున్నాడు, వినపడుతోంది, లేవబుద్ధి కావట్లేదు.

బడిపంతులమ్మ

లేవండి ముందు!

ముద్దపప్పు

ఎవరూ ముట్టుకోనిది ఒకటుంది. టామ్ అండ్ జెర్రీలో చీపురు పట్టుకుని టామ్‌ని తరిమే ఆవిడ. ఎప్పుడూ కాళ్ళు, చెప్పులు, ఏప్రాన్ మాత్రమే కనపడతాయి. మొహం చూడాలని మేమంతా టీవీ కింద నుంచి తొంగి చూసేవాళ్ళం, నిజంగా. 1950లో ఒకదాంట్లో పరిగెడుతుంటే రెప్పపాటు కనపడుతుందని తర్వాత తెలిసింది.

ఆవిడ నల్లజాతి పనిమనిషి వేళాకోళం. ఆ కాలంలో అమెరికాలో అలాంటి పాత్రలు ఒక మూస. లావుగా, గట్టిగట్టిగా అరుస్తూ, యాసతో. గొంతు ఇచ్చింది లిలియన్ ర్యాండాల్ఫ్. నల్లవాళ్ళ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 1960ల్లో టీవీ కోసం కొన్నింట్లో ఆ కాళ్ళనే తెల్లకాళ్ళుగా గీసి, గొంతు మార్చి వేశారు. బాంబు పేలాక టామ్ మొహం నల్లగా, పెదాలు లావుగా అవుతాయి కదా, అదీ ఆ బాపతే. మనకి ఇవేమీ తెలియదు, మసి అనుకున్నాం.

ఇంతవరకు చదువుకుని తెలుసుకున్నది. అసలు చెప్పాలనుకున్నది వేరు. మా ఇంట్లో పదేళ్ళు ఒకావిడ పనిచేసింది. ఆవిడ పాదాలు నాకు బాగా గుర్తున్నాయి. ఎడమ కాలి రెండో వేలికి మట్టె లేదు, మడమలు పగిలి ఉండేవి. ఎందుకంటే ఆవిడ వచ్చి గది తుడుస్తుంటే నేను మంచమెక్కి కార్టూన్ చూస్తూ ఉండేదాన్ని. కిందకి చూస్తే కాళ్ళు. పేరు మాత్రం ఇప్పుడు ఎంత తలుచుకున్నా రావట్లేదు. అమ్మని అడగాలంటే సిగ్గుగా ఉంది.

మూడో_ప్లాట్‌ఫాం

అడగండి. సిగ్గైనా అడగండి.

గొడ్డుకారం

నేను చెప్పేది కాస్త వినండి. ఇవన్నీ కార్టూన్లలో ఉన్నాయా, మనలో ఉన్నాయా? పాత ఫొటోలో మన వెనక ఎవరో నిలబడి ఉంటారు, ఇరవయ్యేళ్ళకి చూసుకుని ఉలిక్కిపడతాం. ఫొటో మారిందా? మన కథలు మాత్రం తక్కువ తిన్నాయా! "చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా" అని ఊయల్లోనే మొదలుపెడతాం. ఏడు చేపల కథ తీసుకోండి. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డి అడ్డమంటుంది, గడ్డి ఆవు మీదికి తోస్తుంది, ఆవు కాపరి మీదికి, కాపరి అవ్వ మీదికి, అవ్వ పిల్లాడి మీదికి, పిల్లాడు చీమ మీదికి. నేను ముప్ఫయ్యేళ్ళు ప్రభుత్వ ఆఫీసులో చేశాను. ఏ ఫైలు కదలకపోయినా ఇదే కథ. చీమ ఒక్కటే నిజం చెబుతుంది, అవును నేనే కుట్టా, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అని. అలాంటి చీమలు మా ఆఫీసులో ఇద్దరే, ఇద్దరికీ బదిలీ అయింది.

డల్లాస్_డాబా

గొడ్డుకారం బాబాయ్ "ఇదంతా అతి" అంటూ మా అందరికంటే లోతుగా తవ్వేశారు 😂

గొడ్డుకారం

నేను ఒక్క కథే తవ్వాను.

తోకచుక్క

పొద్దుటి నుంచి రాయాలా వద్దా అనుకుంటున్నా. 'అప్' సినిమా. 2009లో వచ్చింది, నేను డిగ్రీ చదువుతున్నా. బెలూన్లు కట్టిన ఇల్లు ఎగిరిపోవడం, మాట్లాడే కుక్క, భలే ఉంది అనుకున్నా. మొదట్లో కార్ల్, ఎలీ పెళ్ళయ్యాక పాపకి గది రంగులేసుకుంటారు. తర్వాత సీను ఆసుపత్రి. డాక్టర్ ఏదో చెబుతుంటారు, మాటలు వినపడవు, ఆవిడ మొహం చేతుల్లో పెట్టుకుని ఉంటుంది. తర్వాత ఇంటి బయట కుర్చీలో ఒక్కతే కళ్ళు మూసుకుని, గాలికి అలా. అప్పట్లో ఆవిడకి ఏదో జబ్బనుకున్నా.

2019లో మాకు ఐదో నెలలో పోయింది. ఇంటికొచ్చిన నాలుగో రోజు తమ్ముడు నన్ను నవ్వించాలని, పాపం వాడికేం తెలుసు, "నీకు ఇష్టమైన బెలూన్ల సినిమా" అని అదే పెట్టాడు. ఆ సీను వచ్చింది. తమ్ముడు నా వైపు చూసి కంగారుగా ఆపబోయాడు. వద్దన్నా. అప్పటికి నాతో అందరూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారు, మళ్ళీ అవుతుందిలే, వయసుంది కదా, ఫలానా గుడికి వెళ్ళమని. ఆ బొమ్మల్లో మాత్రం ఆయన ఏమీ అనడు. వచ్చి పక్కన నిలబడతాడంతే. ఆ నాలుగు రోజుల్లో నాకు కాస్త ఊపిరాడింది అప్పుడే.

బడిపంతులమ్మ

తల్లీ.

కాలవగట్టు

❤️

వేదిక_కాపలా

ఒక పోస్టు తీసేశాను, ఎందుకో రాసినవాళ్ళకి తెలుసు. మిగతావాళ్ళు కొనసాగించండి. నా వంతు ఒకటి: మా కాలనీలో కేబుల్‌లో రాత్రి 9 అవగానే కార్టూన్ నెట్‌వర్క్ ఆగిపోయి టీఎన్‌టీ అని పాత ఇంగ్లీషు సినిమాలు వచ్చేవి. ఒక్క క్షణంలో కుందేలు పోయి, సిగరెట్టు కాలుస్తున్న ఎవరో టోపీ ఆయన. నాకు "పెద్దవాళ్ళ లోకం" అంటే ఇప్పటికీ అదే, రాత్రి తొమ్మిది.

బెజవాడ_ఎండ

ఆ తొమ్మిది గంటలకి నేను ఏడ్చేవాణ్ణి!! మా నాన్న వార్తలు పెట్టుకోవడానికి ఛానల్ వాళ్ళతో మాట్లాడుకున్నాడనుకునేవాణ్ణి

పాతరీలు

సిగరెట్టంటే గుర్తొచ్చింది. ఫ్లింట్‌స్టోన్స్ 1960లో మొదలైనప్పుడు స్పాన్సరే సిగరెట్ కంపెనీ. ఫ్రెడ్, బార్నీ ఇద్దరూ పెరట్లో కూర్చుని సిగరెట్టు కాలుస్తూ ప్రకటన చేశారు. అదీ రాత్రిపూట పెద్దల కోసమే మొదలైన కార్యక్రమం.

పెసరట్టు_ఉప్మా

గోడ తుడిచి వచ్చాను. ఒక అప్‌డేట్. ఇందాక మా ఆవిడ ఫోన్ చేసింది. వీడు ఫోన్ లాక్కుని చెప్పాడు: "అమ్మా, టామ్, జెర్రీ రైలు కోసం వెయిటింగ్. వాళ్ళ దగ్గర టిక్కెట్ లేదు, అందుకే స్టేషన్‌కి వెళ్ళకుండా మధ్యలో ఎక్కుతారు." మా ఆవిడ "ఏం చూపించావ్ వీడికి?" అంది. నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పి పెట్టేశా.

రేపు ఇంకో పూట ఉంది, పెరుగన్నం కూడా ఉంది. రైలు, సంచి, అప్పు, ఆసుపత్రి లేని కార్టూన్ ఒకటి చెప్పండి బాబూ.

బెజవాడ_ఎండ

పింక్ పాంథర్ పెట్టండి. అందులో ఎవరికీ ఏమీ అర్థం కాదు.

పాతరీలు

అది మొదట పెద్దల సినిమా టైటిల్స్ కోసం గీసింది. 1963. చేతిలో సిగరెట్టు హోల్డర్ ఉంటుంది.

పెసరట్టు_ఉప్మా

పాతరీలు గారూ, దండం పెడతా.

మూడో_ప్లాట్‌ఫాం

మీ వాడికి నా తరఫున ఒక్కటి చెప్పండి. టిక్కెట్ లేకుండా మధ్యలో ఎక్కడం కూడా నేరమే. అయినా వాళ్ళిద్దరికీ నేను ఫైన్ వేయను, రమ్మనండి.